అనిత్యం తెలిసినవాడికి పాలసీ ఎందుకు?

 

"అన్నీ అనిత్యమే అంటాం కదా, మరి చచ్చాక వచ్చే డబ్బు కోసం ఇన్సూరెన్సు కట్టడం తృష్ణ కాదా?" అని కొందరు ఉపాసకులు అడుగుతుంటారు. చిత్తశుద్ధితోనే అడుగుతారు.

తృష్ణ అంటే నాకు ఇంకా కావాలనే దాహం. కేవలం మరణానికే డబ్బిచ్చే పాలసీలో కట్టినవాడి చేతికి పైసా రాదు. అతను పోయాక భార్యాబిడ్డలకు వస్తుంది. అసలు అనిత్యాన్ని నమ్మనివాడే "నాకేం అవుద్ది?" అంటాడు. ఇంట్లో ఆ మాట ఎత్తితే "అశుభం పలకొద్దు" అని నోరు మూయిస్తారు. దీక్ష తీసుకుని శకునాలన్నీ వదిలేశామనుకున్న ఇళ్లలో కూడా ఈ ఒక్క శకునం మిగిలే ఉంది! మరణాన్ని తలచుకోవడం, అదే మరణానుస్సతి, బుద్ధుడు నేర్పిన సాధనే కదా.

సిగాలోవాద సుత్తంలో సంపాదనను నాలుగు భాగాలు చేయమన్నాడు బుద్ధుడు. ఒకటి అనుభవించడానికి, రెండు పనిలో పెట్టడానికి, నాలుగోది ఆపదకు దాచడానికి. ఇది భిక్షువుకు చెప్పింది కాదు, సంసారం ఉన్న మనలాంటివాడికి చెప్పింది.

బాబాసాహెబ్ ఇంకా ముందుకెళ్లారు. బీమా మొత్తం ప్రభుత్వం చేతిలోనే ఉండాలనీ, ప్రతి వయోజనుడూ తన జీతానికి తగ్గ జీవిత బీమా తీసుకునేలా ప్రభుత్వమే నిర్బంధించాలనీ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో రాశారు. తాతల భూమి లేని ఇంట్లో సంపాదించే మనిషి పోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? పిల్లాడు బడి మానేస్తాడు, తల్లి అప్పు కోసం మళ్లీ ఆసామి గడప తొక్కుతుంది. 1956 సెప్టెంబర్ 1న ఎల్‌ఐసీ మొదలైంది. ఆరు వారాలకు నాగపూర్‌లో ధమ్మదీక్ష జరిగింది. ఎల్‌ఐసీ గుర్తు కింద మాత్రం నీ క్షేమం భగవంతుడే మోస్తాడనే గీతా వాక్యం ఉంటుంది. మోసేది ప్రీమియం కట్టే మనుషులే.

"నేను చావకపోతే డబ్బు పోయినట్టేగా?" అంటారు. ఆ ఏడాది ఎవరి ఇంట్లోనో దీపం ఆరింది, మన డబ్బు అక్కడికి చేరింది. దీన్ని దానం అనను, మనకూ భరోసా దొరికింది కాబట్టి. నష్టం అనడం మాత్రం తప్పు.

అసలు పరీక్ష ఫారం నింపేటప్పుడు వస్తుంది. షుగరుందా, గుట్కా నములుతావా, మందు తాగుతావా అని అడుగుతారు. "లేదని రాసేద్దాంలే" అంటాడు ఏజెంటు. అబద్ధమాడనని నాలుగో శీలం తీసుకున్న నోటితో అక్కడ ఔనంటే ఎలా? మూడేళ్లలోపు మనిషి పోతే కంపెనీ ఆ అబద్ధాన్ని తవ్వి తీస్తుంది, క్లెయిము కొట్టేయొచ్చు. మన అబద్ధానికి శిక్ష పడేది ఇంటావిడకు.

పెద్ద పాలసీ కట్టలేనివాళ్లకు బ్యాంకులోనే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి ఉంది. 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి. ఏడాదికి 436 రూపాయలు, మనిషి పోతే 2 లక్షలు. చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికే ఇస్తారు. మే నెలాఖరుకు ఖాతాలో ఆ డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది.

పాలసీ ఉన్న సంగతి ఇంట్లో చెప్పండి, కాగితం ఏ పెట్టెలో ఉందో చూపించండి. పెళ్లికి ముందు నామినీగా అమ్మ పేరు రాసి అలాగే వదిలేసినవాళ్లున్నారు. ఒకసారి వెళ్లి ఫారం నింపితే మారుతుంది.