మనవారెవరు?

దూరదేశమునకు పోవువాడు మొదట విచారింపవలసిన దేమి? అచ్చటి శీతోష్ణములా, జీతమా, ఇంటియద్దెయా? ఉట్నూరులో మేము ఉపాధ్యాయవృత్తి నవలంబించిన యిన్నేండ్లలో ఈ ప్రశ్నకు ఇంటింటను ఒక్కటే యుత్తరము వినుచున్నాము. మొన్న వేసవిలో, మాకడ పూర్వము చదివిన యొక బాలునికి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఉద్యోగము దొరకెను. ప్రయాణమునకు ముందు వాని తల్లి మాయింటికి వచ్చి, "సారూ, పిలగాడు పొయ్యే కాడ మనోళ్లు ఉన్నరా? మనోళ్లు లేని ఊళ్లె ఎట్ల ఉంటడు?" అని యడిగెను. ఆ ప్రశ్న సహజమైనది, తల్లి యడుగదగినది. కాని "మనోళ్లు" అను నామాటకు అర్థమేమని మాలో మేము విచారించుకొనగా, అది యంత సులభమైన మాట కాదని తోచినది.

ఆ బాలుడు పోవుచున్నది అలమేడా యను కౌంటీకి. కౌంటీ యనగా మన జిల్లావంటిదే. ఓక్లండ్, బర్క్లీ, హేవర్డ్, లివర్మోర్, ఫ్రీమాంట్ మొదలగు పట్టణము లందులోనివి. 2010వ సంవత్సరపు జనాభాలెక్కలలో ఆ కౌంటీ జనసంఖ్య 15 లక్షలకు పైబడినది. నాడు ఫ్రీమాంటునందు రెండులక్షల పదునాలుగువేలమంది యుండగా, వారిలో నూటికి సుమారు 18 మంది భారతీయులు. మూడులక్షల తొంబదివేల జనముగల ఓక్లండునందో, రెండువందలకు ఇంచుమించు ఒక్కరు! ఈ రెండు పట్టణములకు నడుమ, ఉట్నూరునుండి ఆదిలాబాదునకు గల దూరముకంటె ఎక్కువ లేదు. ప్రక్కనున్న సాంటాక్లారా కౌంటీయందును ఇట్లే: కూపర్టినోలో నూటికి 22 మందికి పైగా, దానికి ఆనుకొనియున్న సానోజేలో నూటికి అయిదుగురికంటె తక్కువ. ఆ పిమ్మట సంఖ్యలు పెరిగినవి. కాని ఒకే యాకాశము క్రింద, ఒకే చట్టము క్రింద ఒకచోట కుప్పగాను, ఒకచోట చినుకుగాను మనదేశస్థులు వసించుట ఆలోచింపదగిన విషయము.

ఇందుకు కారణములు లేకపోలేదు. కంప్యూటరు కంపెనీలు సాంటాక్లారా లోయయం దున్నవి. ఫ్రీమాంటు దానికి చేరువ. మంచి పాఠశాలలని పేరుపడినచోట ఇండ్లకు వెల హెచ్చును. చదువుపై మక్కువగల మనవారు ఆ వెలను చెల్లించియైనను అచ్చటనే చేరుదురు. లివర్మోరులో శివవిష్ణ్వాలయ మున్నది. పప్పులు, చింతపండు దొరకు దుకాణము లున్నవి. అన్నిటికంటె ముఖ్యము, మొదట పోయినవాడు రెండవవానికి చోటు చూపును. రెండవవాడు తన బావమరదిని పిలుచుకొనును. ఇట్లు గొలుసువలె జనము సాగును. ఇందులో ద్వేషము లేదు, కుట్ర లేదు.

పూర్వకాల మిట్లు లేదు. 1923లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, భగత్‌సింగ్ థిండ్ అను పంజాబీయుని వ్యాజ్యములో, భారతీయుడు శ్వేతజాతీయుడు కాడు గనుక పౌరసత్వమునకు అర్హుడు కాడని తీర్పు చెప్పెను. పౌరులగుటకు అర్హత లేనివారు సాగుభూమిని కొనరాదని కాలిఫోర్నియాలో 1913 నుండియే చట్ట ముండెను. 1946లో పౌరసత్వము లభించినను, ఏటికి నూరుగురు భారతీయులకు మాత్రమే ప్రవేశము. 1965 నాటి చట్టముతో గాని తలుపులు నిజముగా తెరువబడలేదు. ఇంటి దస్తావేజులలోనే, ఈ యిల్లు శ్వేతజాతీయులు కానివారి కమ్మరాదని వ్రాసికొను ఆచారము ఆ దేశమున చిరకాలము సాగినది. అట్టి షరతులను న్యాయస్థానములు అమలుపరుపరాదని 1948లో తీర్పు వచ్చినది. ఇండ్ల విషయమున వివక్ష చూపరాదని 1968లో చట్టము వచ్చినది. నాడు పరులు గీచిన గీతలోపల వసింపవలసి యుండెను. నేడు మనము గీచుకొనిన గీతలోపల వసించుచున్నాము. ఈ రెండును ఒక్కటి కావు. కాని రెండును గీతలే.

కలిసి వసించుట తప్పని మేము చెప్పబోము. మాప్రాంతమునే చూడుడు. ఇచ్చట గోండుల గూడెములు వేరు, కొలాముల గూడెములు వేరు, లంబాడీల తండాలు వేరు. గూడెము లేకున్నచో గోండీభాష ఈనాటికి నిలిచియుండెడిదా? అడవికిని భూమికిని సంబంధించిన హక్కులకై పోరాడి కుమ్రం భీము 1940లో జోడేఘాటున ప్రాణము లర్పించెను. ఆ పిమ్మట హైమెన్‌డార్ఫు పండితుడు ఈ ప్రాంతమునకు వచ్చి, వారి బాధలను ప్రభుత్వమునకు తెలుపగా, 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభమయ్యెను. గిరిజనుల భూములు పరహస్తగతము కాకుండుటకు 1959 నాటి నిబంధనమును 1970లో మరింత బిగించిరి. బలహీనునికి గూడెము గోడ కాదు, గొడుగు. వర్షములో గొడుగు పట్టినవానిని స్వార్థపరుడని నిందించుట న్యాయము కాదు. పరదేశమున మొదటియేడు భాష తెలియక, రోగము వచ్చిన పలుకరించువారు లేక తపించు యువకునికి మనవారి వీధి యట్టి గొడుగే.

అయితే వర్షము వెలిసిన పిమ్మట? గొడుగును ముడువనివాడు ఎదుటివాని ముఖము చూడజాలడు. మన పల్లెలలో వాడలు వాడలుగా జనము విడివడియున్నది. ఊరివెలుపలి వాడవారు తమయిష్టముచే అచ్చట చేరిరా? కాదు, లోపలివారు కలిసియుండ నిశ్చయించుకొనుటయే వారిని వెలుపల నిలిపినది. మనము మనవారితో నుండుటయే మన కోరిక యందుము. ఆ కోరికకు మూల్య మిచ్చువాడు వేరొకడు.

దురుద్దేశము లేకయే ఈ యనర్థము కలుగునని థామస్ షెల్లింగ్ అను అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు 1971లో నిరూపించెను. గళ్లపలకపై రెండువిధముల నాణెములను కలగలుపుగా నుంచి, ప్రతి నాణెమును తన చుట్టునున్నవారిలో కొందరైనను తనవారై యుండవలెనని మాత్రమే కోరునట్లు నియమించుడు. ఆ పాటి లేనిది తావు మారును. కొన్ని యెత్తులలోనే పలకయంతయు రెండుగా చీలిపోవును! ఏ నాణెమును రెండవదానిని ద్వేషింపలేదు. ఐనను విభేద మేర్పడినది. కావున "మాకు ఎవరిపైనను ద్వేషము లేదు" అనుటతో మన బాధ్యత తీరదు.

ఇక "మనవారు" అను మాటకు మేర యెక్కడ? పరదేశమున అడుగిడిన దినమున భారతీయులందరును మనవారే. మరునాడు తెలుగువారే మనవారు. నెల గడచునప్పటికి మన ప్రాంతమువారు. ఏడాదికి మన కులమువారు. సముద్రము దాటినను కులము దాటలేదు. ఈ కారణముచేతనే 2023లో సియాటిల్ నగరము కులవివక్షను నిషేధించిన మొదటి అమెరికా నగరమయ్యెను. అదే సంవత్సరము కాలిఫోర్నియా శాసనసభ అట్టి బిల్లునే ఆమోదింపగా, ఉన్న చట్టములే చాలునని గవర్నరు దానిని త్రోసిపుచ్చెను. అట్టి చట్టము ఒక జాతిని వ్రేలెత్తి చూపుటయే యని మనవారిలో కొంద రాక్షేపించిరి. ఆ యాక్షేపణ యెట్లున్నను, పరదేశపు శాసనసభలో మన కులము చర్చకు వచ్చినదన్న సంగతి మనము తలవంచుకొని ఆలోచింపదగినదే.

ఈ లెక్కలనే మేమొకనాడు తరగతిలో శాతముల పాఠమునకై నల్లబల్లపై వ్రాసితిమి. వెనుకబల్లపై కూర్చుండు గోండుబాలిక యొకతె లేచి, "ఆ పద్దెనిమిది మందిల మావోళ్లు ఎంతమంది సార్?" అని యడిగెను. ఆ దేశపు లెక్కలలో భారతీయు డని మాత్రమే వ్రాసికొందురు. ఇంతకుమించి అందులో తెలియదు. ఆ మాటయే చెప్పితిమి. ఆమె కూర్చుండెను; మేము మాత్రము నిలుచున్నచోటనే చిక్కుకొంటిమి. "మన భారతీయులు" అని గర్వముతో చెప్పిన మా మాటలో ఆ బాలిక యున్నదా? తానున్నట్లు ఆమెకు తోచలేదు. తోచునట్లు మేమేమి చేసితిమి?

మరియొక విచిత్రము. ఫ్రీమాంటు పట్టణము 1956లో అయిదు చిన్న యూళ్ల కలయికతో ఏర్పడినది. అంతకు చాలకాలము ముందు, 1797లో, స్పెయినుదేశపు మతగురువులు అచ్చట మిషన్ సానోజే యను మఠమును స్థాపించిరి. అప్పటికే ఆ నేల ఓలోనీ జనులది. తెల్లవారు వారినే "ఇండియను"లని పిలిచిరి. వారి సంతతివారు నేటికిని కలరు. వారి పేరు అచ్చటి కళాశాల కున్నది. ఇండ్లు కొని కుదురుకొనిన కొత్త యిండియనులలో పాత యిండియనుల కథ నెరిగినవా రెందరు? ఇంతకును ఈ ప్రశ్న పరులను గూర్చి మేమేల వేయవలెను? ఉట్నూరునకు ఉద్యోగార్థమై వచ్చి, ఉద్యోగుల వీధిలో అద్దెయింట ఇన్నేండ్లు గడపిన మాకు గోండీభాషలో పది వాక్యములైనను రావు. కాళిదాసును, షేక్స్పియరును చదివితిమి. ప్రక్కగూడెము మాట నేర్వలేదు.

బంధువను సంస్కృతశబ్దమునకు బంధించుట యను ధాతువు మూలము. రక్తమే ముడి. నైబర్ అను ఇంగ్లీషుమాటకు చేరువ నివసించువాడని మూలార్థము; మన యిరుగుపొరుగను మాటయు నట్టిదే. బంధువును విధి యిచ్చును. పొరుగువానిని మన నడవడి సంపాదించును. మొదటిదానితో బ్రదుకు నిలుచును. రెండవది లేక మనుష్యత్వము పెరుగదు.

ఆ తల్లికి మేమిట్లు చెప్పితిమి: "అమ్మా, మొదటియేడు మనవా రున్నచోటనే యుండనిమ్ము. పిమ్మట ఇల్లు మార్చుకొనునపుడు, మనవారెంతమంది యని గాక, ఆ వీధిలో మనకు తెలియనివా రెంతమంది యని విచారింపుమని చెప్పుము. కులము పేరడిగి గది యిచ్చు స్నేహితుల కడ చేరవలదని చెప్పుము." ఆమె ఆలకించి, నవ్వి, "మంచిదే గని సారూ, మీరు గూడ మా వీధిలనే గదా ఉన్నరు!" అనెను.

ఆ మాటకు మాకడ సమాధానము లేదు. పాఠశాల సెలవులలో వారమునకు రెండుదినములు ఆ గోండుబాలిక తాతగారి కడకు పోయి వారి భాష నేర్చుకొనుట ప్రారంభించితిమి. నలువదియేండ్లు దాటిన నాలుక త్వరగా తిరుగుట లేదు; ముసలివాడు మా యుచ్చారణము విని నవ్వుచున్నాడు. పరుల వాడలో మొదట మనకు లభించునది యా నవ్వే. దానికి జంకి వెనుదిరుగువానికి ఫ్రీమాంటైనను ఉట్నూరైనను ఒకటే.