వకీలు తీర్చవలసిన రుణం

నేరం మోపేది రాజ్యమే. ఆ అభియోగాన్ని ఎదుర్కొనేందుకు పేదవానికి న్యాయవాదిని సమకూర్చేదీ రాజ్యమే. నాగరిక సమాజం తనపై తాను విధించుకున్న ఉదాత్త నియమాల్లో ఇది ఒకటి. అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో ఇందుకోసం 1914లోనే ఒక ప్రభుత్వ కార్యాలయం వెలసింది. జీతంపై పనిచేసే ఇటువంటి న్యాయవాదులను అక్కడ పబ్లిక్ డిఫెండర్లంటారు. వీరిలో కొందరు కొన్నేళ్ళ కొలువు తర్వాత బయటికి వచ్చి, తాము ఎరిగిన పేటల్లోనే సొంత కార్యాలయం తెరిచి, కక్షిదారు తాహతును బట్టి ఫీజు పుచ్చుకుంటూ వృత్తి సాగిస్తున్నారు. జీతాన్ని విడిచినవారు బాధ్యతనూ విడిచినట్లేనా?

ఫ్లోరిడా రాష్ట్రంలో 1961లో క్లారెన్స్ ఎర్ల్ గిడియన్ అనే నిరుపేద, చోరీ కేసులో తనకు వకీలును ఇప్పించమని కోరితే న్యాయస్థానం నిరాకరించింది. తానే వాదించుకుని ఓడి, ఐదేళ్ళ శిక్ష పడి, జైలు నుంచి పెన్సిలుతో సుప్రీంకోర్టుకు అర్జీ రాసుకున్నాడు. తీవ్రమైన నేరారోపణ ఎదుర్కొనే పేదకు న్యాయవాదిని సమకూర్చడం రాష్ట్రాల విధి అని 1963లో తీర్పు వచ్చింది. పునర్విచారణలో గిడియన్, పౌరహక్కుల సంఘం తరఫున వచ్చిన వకీళ్ళను కాదని స్థానికుడైన ఫ్రెడ్ టర్నర్‌ను కోరుకున్నాడు, నిర్దోషిగా బయటపడ్డాడు. పేదవానికి వకీలు ఉంటే చాలదు. ఆ వకీలుపై గురి కుదరాలి.

గురి కుదరడానికి తీరిక కావాలి. ఒక న్యాయవాదికి ఏడాదికి 150 తీవ్ర నేరాల కేసులు మించరాదని 1973లో అక్కడి జాతీయ సలహా సంఘం సూచించింది. అనేక చోట్ల ఆ పరిమితి కాగితాన్ని దాటలేదు. రాష్ట్ర న్యాయస్థానాల్లో నూటికి 94 శిక్షలు నేరం ఒప్పుకోవడం వల్లనే పడుతున్నాయని 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. పని ఒత్తిడిలో ఉన్న ఉద్యోగికి, “ఒప్పుకో” అని సలహా ఇవ్వడం సులభం. అయితే, మొత్తం ఫీజు ముందే పుచ్చుకున్న ప్రైవేటు వకీలుకూ ఆ సలహాయే లాభసాటి. ప్రలోభం ఒకటే, వచ్చే దారులు వేరు. కనుక జీతం పవిత్రమనీ, ఫీజు అపవిత్రమనీ అనుకోవడం పొరపాటు. పేదకు మనం బాకీపడ్డది కాలం. దానిని ఎగవేసే అవకాశం రెంటిలోనూ ఉంది.

ఉచిత సహాయానికి అర్హత లేక, పెద్ద ఫీజులకు స్తోమతు చాలక నలిగే చిరుద్యోగికి ఇటువంటి కార్యాలయం ఆసరా. కాని ప్రజాధనంతో పండిన అనుభవం బయటికి తరలితే, కడు నిరుపేదకు కొత్తవారే మిగులుతారన్న ఆక్షేపణను తోసిపుచ్చలేం. కొలువులో ఉన్నప్పుడు వారు ఎవరినీ తిప్పి పంపలేదు, ఇప్పుడు పంపగలరు. నీతి పరీక్ష ఆ గుమ్మం దగ్గరే. కోర్టు అప్పగించే పేదల కేసులకు, అంటే తాము ఎంచుకోని కక్షిదారులకు, తమ పనిదినాల్లో నియతంగా ఒక భాగం కేటాయించినవారే ఆ రుణం తీర్చినవారు.

ఈ చర్చ మనకు పరాయిది కాదు. ఉచిత న్యాయ సహాయాన్ని 1976 నాటి 42వ సవరణ, 39ఎ అధికరణం ద్వారా రాజ్యాంగంలో చేర్చింది. 2022లో జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ ప్రవేశపెట్టిన పథకం కింద, నియమిత కాలానికి చేరిన న్యాయవాదులు జిల్లాల్లో నిందితుల పక్షాన పూర్తికాలం పనిచేస్తున్నారు. ప్రైవేటు కేసులు చేపట్టరాదు. గడువు తీరాక వారూ సొంత వృత్తికి మరలవలసినవారే. ఆనాడు వారి గుమ్మం ఎవరికి తెరిచి ఉంటుందన్నది ఇప్పుడే ఆలోచించుకోవడం మంచిది.