ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి

చలికాలం వస్తే ఖరగ్‌పూర్‌లో దుప్పట్ల పంపకాలు మొదలవుతాయి. కాలనీల మహిళా సమితులు, ఉద్యోగుల భార్యల సంఘాలు తలోచోట ఓ బల్ల వేసి, బ్యానరు కట్టి, మైకు పెట్టి పేదలకు దుప్పట్లు పంచుతాయి. అలాంటి ఒక సమితిలో నేను చాలా ఏళ్ళు సభ్యురాలిని, మూడేళ్ళు కార్యదర్శిని. నేను కార్యదర్శిగా ఉన్న కాలంలోనే సాలువాలో జరిగిన ఒక సంగతి ఇన్నాళ్ళూ నన్ను వదల్లేదు. దాన్ని మీ ముందు పెట్టి, ఒక ప్రశ్న గురించి మీతో కలిసి ఆలోచించాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

సాలువా అంటే అందరికీ గుర్తొచ్చేది వైమానిక దళ స్థావరం, ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ శిబిరం. ఆ చుట్టుపక్కల నేపాలీ మాట్లాడే కుటుంబాలున్నాయి, సంతాల్ గూడేలున్నాయి, రైలు పనికి వలస వచ్చిన మన ఉత్తరాంధ్ర కుటుంబాలూ కొన్ని ఉన్నాయి. ఆ రోజు వరుసలో ఒక తెలుగు ముసలామె వంతు వచ్చింది. దుప్పటి చేతికి ఇస్తూ, ఫోటో కోసం ఒక్క క్షణం ఇటు చూడమన్నాం. ఆమె తల పక్కకి తిప్పుకుంది.

"దుప్పటి వద్దని కాదమ్మా. ఈ బొమ్మ నలుగురూ సూత్తారు కదా. మా మనవరాలు బడికెల్తాది. బొమ్మ తియ్యకుండా ఇస్తే పట్టుకెల్తాను."

"అందరూ తీయించుకుంటున్నారు కదా మామ్మా" అన్నాను నేను.

ఆమె ఇంకేమీ అనలేదు. దుప్పటి మడత చెదరకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నేను వెనకాల వెళ్ళలేదు. వరుసలో తర్వాతి మనిషిని పిలిచాను.

సమితులను ఎగతాళి చేయడం తేలిక. పట్టుచీరల కాలక్షేపమని మగవాళ్ళు నవ్వడం నాకు తెలుసు. ఆ నవ్వులో నేను కలవలేను. చేతిలో లా పట్టా ఉన్నా, నలుగురి ముందు నిలబడి మాట్లాడడం నేను నేర్చుకున్నది సమితిలోనే. బ్యాంకు గడప ఎన్నడూ తొక్కని ఒక సభ్యురాలు కోశాధికారి అయ్యాక, మొదటిసారి చెక్కు మీద సంతకం పెట్టి మాకందరికీ మిఠాయి పంచింది. మరొకామెకు భర్త పోయినప్పుడు నెలరోజులు వంతులు వేసుకుని ఆమె ఇంట్లో పడుకున్నాం. భర్త హోదాతో కాక తన పేరుతో పిలిపించుకునే చోటు చాలామంది ఆడవాళ్ళకు సమితి ఒక్కటే. మినిట్స్ రాయడం, లెక్క అప్పజెప్పడం, ఓడిపోయిన తీర్మానాన్ని ఒప్పుకోవడం మాకు ప్రజాస్వామ్యంలో తొలి పాఠాలు.

నా ప్రశ్న ఇదీ: మేం తలెత్తుకోవడానికి ఇంకో ఆడమనిషి తల దించుకోవలసి వస్తే, మేం సంపాదించుకున్న ఆ గౌరవం న్యాయమైనదేనా?

చట్టం చదివినదాన్ని కనుక ముందు చట్టాన్నే అడిగాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 122వ సెక్షన్ దానానికి నిర్వచనం చెబుతుంది. ఇచ్చేవారు స్వచ్ఛందంగా ఇవ్వాలి, ప్రతిఫలం తీసుకోకూడదు, పుచ్చుకునేవారు అంగీకరించాలి. అంగీకారం లేని దానం దానమే కాదు. ఈ మూడు మాటలతో మా దుప్పటిని కొలిచి చూసుకున్నాను. ఫోటో మేం అడిగిన ప్రతిఫలం. మేం దానం చేయలేదు, దుప్పటికి ధర కట్టి అమ్మాం. ఆ ముసలామె ధర ఎక్కువైందని కొనకుండా వెళ్ళిపోయింది.

తర్వాత ధమ్మాన్ని అడిగాను. వినయపిటకంలో విశాఖ బుద్ధుణ్ణి ఎనిమిది వరాలు కోరుతుంది. వచ్చే భిక్షువులకు అన్నం, వెళ్ళే భిక్షువులకు అన్నం, రోగులకు అన్నం, మందులు, వాళ్ళకు సేవ చేసేవారికి కూడా అన్నం, ఇలా సాగుతుందా జాబితా. చివరిది భిక్షుణులకు స్నానవస్త్రం. బట్టల్లేకుండా నదిలో స్నానం చేస్తున్న భిక్షుణులను వేశ్యలు ఎగతాళి చేశారని తెలిసి ఆమె అది అడిగింది. పుచ్చుకునేవారి పరువు కాపాడడమే ఇక్కడ దానం. పరువు తీసి ఇచ్చే బట్ట ఎంత వెచ్చనిదైనా దానికి సరిగ్గా వ్యతిరేకం.

మహాప్రజాపతి గౌతమి స్వయంగా నేసిన వస్త్రాన్ని తెచ్చినప్పుడు బుద్ధుడు దాన్ని సంఘానికి ఇమ్మన్నాడు. మనిషికి మనిషి ఇస్తే ఒకరు రుణపడతారు, ఒకరు పెద్దవారవుతారు. సంఘానికి ఇచ్చినది అందరిదీ అవుతుంది, ఇచ్చినవారికి కూడా అందులో చోటుంటుంది. మన అమరావతి స్తూపం శాసనాల్లో దాతలుగా ఎందరో స్త్రీల పేర్లున్నాయి, వారిలో భిక్షుణులూ ఉన్నారు. విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను సమర్పించినట్టు అక్కడే ఒక శాసనం చెబుతుంది. తర్వాతి కాలాల్లో చర్మకారుణ్ణి వాడ బయట నిలబెట్టి పుచ్చుకునేవాడిగానే చూశారు. బౌద్ధం అతన్ని దాతగా రాతిపలక మీదికి ఎక్కించింది.

అమెరికాలో నల్లజాతి విద్యార్థినులు 1908లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే సోదరీ సంఘాన్ని స్థాపించారు. వాళ్ళు చదువుకున్న కొద్దిమంది. అయినా 1935 నుంచి కొన్ని వేసవులు ఆ సంఘం డాక్టర్ డొరతీ ఫెరెబీ నాయకత్వంలో మిసిసిపీ పత్తి తోటల కౌలుకూలీలకు వైద్యం చేసింది. కూలీలు వైద్యశిబిరాలకు రాకుండా తోటల యజమానులు అడ్డుపడితే, వీళ్ళే కార్లలో మందులు వేసుకుని తోటలకు వెళ్ళారు. ఎవరు ఎవరి దగ్గరికి నడిచి వెళ్ళారన్నది చిన్న విషయం కాదు.

1942 జూలైలో నాగపూర్‌లో అఖిల భారత అణగారిన వర్గాల మహిళా సదస్సు జరిగింది. సులోచనాబాయి డోంగ్రే అధ్యక్షత వహించారు. ఒక సమాజం ఎంత ముందుకెళ్ళిందో అందులోని స్త్రీల ప్రగతిని బట్టి కొలుస్తానని బాబాసాహెబ్ అక్కడ చెప్పారు. ఆ సదస్సుకు వచ్చినవారంతా అప్పటివరకు ఇతరుల దయకు పాత్రులుగా లెక్కలోకొచ్చిన స్త్రీలే. ఆ రోజు వారు తీర్మానాలు చేసేవారయ్యారు.

మన పొదుపు సంఘాలకు విలువ వచ్చింది కూడా ఇందుకే. అక్కడ అప్పు తీసుకునే మనిషీ సభ్యురాలే, ఇచ్చేదీ సభ్యురాలే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమాన్ని నడిపినవాళ్ళు పేద స్త్రీలు. అయితే సంఘం అన్న పేరు దానంతటదే మంచిదైపోదు. సూక్ష్మరుణ కంపెనీలు గుంపు పూచీని ఉరితాడుగా మార్చినప్పుడు, కిస్తీ కట్టలేని ఆడమనిషి గుమ్మం ముందు తోటి సభ్యురాళ్ళనే కూర్చోబెట్టారు. 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అక్కాచెల్లెళ్ళ బంధాన్ని పరువు తీయడానికి వాడితే, పరాయివాడి వేధింపు కన్నా అదే ఎక్కువ కోస్తుంది.

వారం తర్వాత ఆ ముసలామె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. క్షమించమని అడగడానికి మాటలు కూడబలుక్కున్నాను గానీ నోరు పెగల్లేదు. ఆమె దుప్పటి తీసుకుంది. టీ ఇచ్చింది. లేచేటప్పుడు పెరటి పాదు నుంచి చిక్కుడుకాయలు కోసి నా సంచిలో వేసింది. "ఇవన్నీ ఎందుకు మామ్మా" అనబోయి ఆగిపోయాను. ఆ మాట అంటే రెండోసారి ఆమెను వరుసలో నిలబెట్టినట్టే అయ్యేది.

తర్వాతి సమావేశంలో రెండు తీర్మానాలు పెట్టాను. పంపకాల్లో ఫోటోలు ఉండకూడదు. మేం సాయం చేసే బస్తీల నుంచి కూడా స్త్రీలను ఓటుహక్కుతో సభ్యులుగా చేర్చుకోవాలి. మొదటిది నెగ్గింది. రెండోది ఓడిపోయింది. చందా కట్టలేనివాళ్ళు సభ్యులెలా అవుతారని అడిగారు. చందా తగ్గించవచ్చని నేనన్నాను. అప్పుడు ఒకామె నిజం చెప్పింది: "వాళ్ళొచ్చి పక్కన కూర్చుంటే ఇంక మనమిచ్చేది ఎవరికి?"

ఆమె మీద నాకు కోపం రాలేదు. మా అందరి మనసులోనూ ఉన్న మాటే ఆమె పైకి అంది. నేను ఆ సమితిని వదల్లేదు, ఏటా ఆ తీర్మానం పెడుతూనే ఉన్నాను. దానపారమిత ఇచ్చేవారి 'నేను'ను కరిగించడానికి ఉన్నది. ఇవ్వడానికి ఒకరు ఎప్పటికీ కిందనే ఉండాలని కోరుకునే దానం ఆ 'నేను'ను ఇంకా పెంచుతుంది. మీ ఊళ్ళోనూ ఒక మహిళా సంఘం ఉండే ఉంటుంది. మొన్న దాని దగ్గర దుప్పటి పుచ్చుకున్న మనిషికి రేపు దాని సమావేశంలో కుర్చీ ఉంటుందా అని ఒకసారి అడిగి చూడండి.