పనిలో పని

"పనిలో పని" అన్నది తెలుగులో నాకు బాగా నచ్చే మాటల్లో ఒకటి. బజారుకెళ్తున్నావుగా, పనిలో పని కరివేపాకు పట్టుకురా. ఊరెళ్తున్నావుగా, పనిలో పని బాబాయి వాళ్లకి శుభలేఖ ఇచ్చిరా. ప్రోగ్రాములు రాసే నా ఉద్యోగంలో సగం తెలివి కూడా ఇదే, విడివిడి పనుల్ని ఒక మూటగా కట్టి ఒకేసారి నడిపించడం. ఆసుపత్రిలో ఇదే మాట వినబడితే మాత్రం నాకు అనుమానం మొదలవుతుంది. ఇద్దరు పిల్లలున్న నా స్నేహితురాలు అబార్షన్ కోసం వెళ్తే, "పనిలో పని ఆపరేషన్ కూడా చేసేయమంటారా?" అని అడిగారట. అడిగింది ఆమెను కాదు, పక్కన నిలబడ్డ భర్తను. "బండి సర్వీసింగుకిస్తే, ఆయిలు కూడా మార్చేయమంటారా అని ఓనర్ని అడిగినట్టుంది" అని నవ్వుతూనే చెప్పింది తను.

అబార్షన్ తర్వాత ఒక స్త్రీ ఏ గర్భనిరోధక పద్ధతి ఎంచుకుంటుంది, ఎందుకు ఎంచుకుంటుంది అన్నదాన్ని మనం డాక్టర్ల ప్రశ్నగా వదిలేశాం. కాస్త దగ్గరికెళ్లి చూస్తే అందులో ఒక పాత తాత్విక ప్రశ్న ఉంది. అసలు ఎంపిక అని దేన్ని అనాలి?

ముందు డాక్టర్ల వైపు మాట చెప్పాలి, ఎందుకంటే అది బలమైన మాట. గర్భం తొలగించాక రెండు వారాల్లోపే అండం మళ్లీ విడుదల కావచ్చు. "నెలసరి రానీ, అప్పుడు చూద్దాం" అనుకుంటే అప్పటికే ఆలస్యం అయిపోవచ్చు. కాపర్-టీ లాంటిది, ఇన్ఫెక్షన్ లేకపోతే, అదే రోజు వేయొచ్చు. ఇంటికెళ్లిన మనిషి పిల్లలూ పనులూ అనుకుంటూ మళ్లీ రాకపోవచ్చు. కాబట్టి ఆ రోజే మాట్లాడటం, కావాలంటే ఆ రోజే ఇవ్వడం, మంచి వైద్యమే. తేడా ఎక్కడొస్తుందంటే, ఇవ్వడం కాస్తా మారకంగా మారిన చోట. "ఏదో ఒకటి వేయించుకుంటేనే ఇది చేస్తాం" అని ఎవరూ అనకూడదని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ మాట నోటితో అనక్కర్లేకుండానే గదిలో ఉండిపోతుంది. మొదటి పని కోసం బల్ల మీద పడుకున్న మనిషి రెండో పనికి "సరే" అంటే, ఆ సరేలో ఎంత ఆమెది, ఎంత ఆ బల్లది?

మన దేశంలో అబార్షన్‌కి కారణం చూపించాలి. 1971 నాటి చట్టం ఒప్పుకున్న కారణాల్లో ఒకటి, వాడిన గర్భనిరోధక సాధనం విఫలం కావడం. అప్పట్లో ఆ వెసులుబాటు "పెళ్లయిన స్త్రీ, ఆమె భర్త" వరకే. 2021 సవరణ తర్వాత అది "స్త్రీ, ఆమె భాగస్వామి" అయింది. మంచి మార్పే. కానీ ఆ కారణం వెనకున్న తర్కం చూడండి. తప్పు సాధనానిదైతే నువ్వు నిర్దోషివి. మరి ఏ సాధనమూ వాడని ఆమె? ఆమె గదిలోకి వచ్చేటప్పుడే కొంచెం ముద్దాయిగా వస్తుంది. అలాంటప్పుడు "ఇకమీదట ఏం వాడతావమ్మా?" అన్నది సలహాలా వినిపించదు, ప్రాయశ్చిత్తం ఏమిటని అడిగినట్టుంటుంది. ప్రాయశ్చిత్తాన్ని ఎవరూ తమకు ఏది నప్పుతుందో చూసుకుని ఎంచుకోరు. గట్టిగా కనిపించేదాన్ని ఎంచుకుంటారు, మళ్లీ ఎవరూ మాట అనకుండా ఉండేదాన్ని ఎంచుకుంటారు.

మన దగ్గర అన్నింటికన్నా గట్టిది ఆపరేషన్. దానికి ముందు ఏ విశేషణమూ అక్కర్లేదు. "ఆవిడకి ఆపరేషన్ అయిపోయింది" అంటే ఏ ఆపరేషన్ అని తెలుగువాళ్లెవరూ అడగరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి ఈ ఆపరేషన్ అయింది. దేశం మొత్తం మీద అది 38 శాతం. ఆంధ్రలో మిగతా ఆధునిక పద్ధతులన్నీ కలిపినా ఒకటి రెండు శాతం దాటవు. ఇలాంటిదాన్ని మా భాషలో డిఫాల్ట్ అంటాం. ఎవరూ బలవంతం చేయరు, వేరేది కావాలంటే మార్చుకోవచ్చు, అయినా నూటికి తొంభై మంది మార్చరు. డిఫాల్ట్ పెట్టినవాడికి ఈ సంగతి ముందే తెలుసు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. ఆపరేషన్‌ని చాలామంది స్త్రీలు తమంతట తామే కోరుకుంటారు. ఒక్కసారి అయిపోతే రాత్రుళ్లు మొగుడితో బేరాలుండవు, అత్తగారు "ఇంకొక్కడు మగపిల్లాడు" అనడానికి వీలుండదు. మాత్ర మర్చిపోయిన భయం ఉండదు. మా పెద్దమ్మ తరం వాళ్లు ఆపరేషన్ అయిన రోజును ఓ పరీక్ష పాసైన రోజులా చెప్పుకుంటారు. వాళ్ల మీద జాలి పడటం వాళ్లను అవమానించడమే. ఉన్నవాటిలో తమకు పనికొచ్చేదాన్ని తెలివిగా ఏరుకున్నారు. కానీ ఏరుకున్న మనిషి తెలివిని చూపించి, ఆమె ముందు పెట్టిన పళ్లెం న్యాయమైనదని చెప్పలేం. రాత్రిపూట బేరం తప్పించుకోవడానికి పొట్ట మీద కోత ఒక్కటే దారైతే, అక్కడ ప్రశ్న వేయాల్సింది ఆ బేరం గురించి.

ఆ పళ్లెంలో మగవాడి వాటా ఎంత? దేశంలో మగవాళ్లు చేయించుకున్న ఆపరేషన్లు అదే సర్వేలో 0.3 శాతం. ఆడవాళ్లకు చేసేదానికన్నా వేసెక్టమీ చిన్నది, తక్కువ ప్రమాదం ఉన్నది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976-77లో, దేశంలో ఎనభై లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగితే వాటిలో ఎక్కువ భాగం మగవాళ్లవే. ఆ బలవంతం మీద కోపం 1977 ఎన్నికల్లో ప్రభుత్వాన్ని కూల్చిన కారణాల్లో ఒకటి. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాళ్ల జోలికి గట్టిగా పోలేదు, లెక్కలన్నీ ఆడవాళ్ల వైపు తిరిగాయి. ఆసుపత్రిలో భర్తను అడగాల్సిన ప్రశ్న నిజంగానే ఒకటుంది. "మీరేం వాడతారు?" అని. దాన్ని ఎవరూ అడగరు.

చట్టం కూడా రెండు నాలుకలతో మాట్లాడుతుంది. మేజర్ అయిన స్త్రీ అబార్షన్‌కి ఆమె సమ్మతి ఒక్కటే చాలని 1971 చట్టం చెబుతుంది. 2007లో సమర్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు మానసిక క్రూరత్వానికి ఉదాహరణలు చెబుతూ, వైద్య కారణం లేకుండా, భర్త సమ్మతి లేకుండా, అతనికి తెలియకుండా భార్య అబార్షన్ చేయించుకోవడాన్ని అందులో చేర్చింది. భార్యకు చెప్పకుండా భర్త ఆపరేషన్ చేయించుకోవడాన్నీ చేర్చింది. అంటే ఆసుపత్రిలో ఆమె సంతకం చాలు, అదే సంతకం రేపు విడాకుల కోర్టులో ఆమె మీద సాక్ష్యం కావచ్చు. ఇది తెలిసిన ఏ డాక్టరైనా భర్త వైపే చూస్తారు.

మూడు నెలలకోసారి వేసే "అంతర" ఇంజెక్షన్ ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. భర్త ఒప్పుకోని ఇంట్లో, ఎవరికీ కనబడని పద్ధతిగా అది కొందరికి వరమే. కానీ గర్భనిరోధక ఇంజెక్షన్లకు మన దగ్గరే ఒక చరిత్ర ఉంది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే ఇంజెక్షన్‌ని ప్రయోగాత్మకంగా వేశారు. అది ప్రయోగమన్న సంగతి ఆ ఆడవాళ్లకు సరిగా చెప్పలేదని హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటన వాళ్లు బయటపెట్టి, వేరే మహిళా సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇంజెక్షన్ ఒకలాంటిదే అయినా, చెప్పి వేస్తే స్వేచ్ఛ, చెప్పకుండా వేస్తే దౌర్జన్యం. సూదిలో ఉన్న మందును చూసి ఆ తేడా పట్టుకోలేం.

ఇంకోవైపు ఏ మాటా చెప్పేవాళ్లే లేని స్త్రీలున్నారు. 2015లో దేశంలో కోటీ యాభై ఆరు లక్షల అబార్షన్లు జరిగాయని ఒక అంచనా. వాటిలో దాదాపు మూడొంతులు ఆసుపత్రి బయట, మెడికల్ షాపు మాత్రలతో అయినవే. వీళ్లకు ఒత్తిడి లేదు, సలహా కూడా లేదు. ఒక గదిలో ఆమె తరఫున మాట్లాడేవాళ్లు ఎక్కువ, ఇంకో గదిలో ఆమెతో మాట్లాడేవాళ్లే లేరు.

కాబట్టి ఎన్ని పద్ధతులు అందుబాటులో ఉన్నాయన్న లెక్కతో ఎంపికను కొలవలేం. నేనైతే రెండు విషయాలు చూస్తాను. ఆమె "ఇప్పుడు వద్దు" అంటే, మొదటి పని అదే మర్యాదతో జరుగుతుందా? ఆర్నెల్ల తర్వాత వచ్చి "ఈ కాపర్-టీ తీసేయండి" అంటే, వేసినంత సులువుగా తీస్తారా? రెండింటికీ అవునని జవాబొస్తే, ఆమె ఆపరేషనే ఎంచుకున్నా సరే, అది ఆమె ఎంపిక.

ఇదంతా ఇప్పుడెందుకంటే, గాలి మారుతోంది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024లో ఎత్తేసింది. ఎక్కువమందిని కనమని నాయకులు సభల్లో చెబుతున్నారు. నిన్నటిదాకా చాలన్నవాళ్లే ఇప్పుడు ఇంకా కావాలంటున్నారు, రెండుసార్లూ అడుగుతున్నది ఆ ఒంటినే. అబార్షన్ బల్ల మీదున్న స్త్రీ ఆపరేషన్ వద్దంటే ఈ రోజు మనం ఆ మాటను వినడం నేర్చుకోకపోతే, రేపు ఆమె మూడో బిడ్డ వద్దన్నప్పుడు కూడా వినం.