పది నెలలు ఎవరివి?

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు పది నెలల పాటు తెలుగు చెప్పడానికి విజిటింగ్ లెక్చరర్‌గా రమ్మని పిలిచారు. ఆగస్టులో వెళ్ళి మే నెలాఖరుకి తిరిగి రావాలి. మొదటి సెమిస్టర్‌లో భాష, రెండోదాంట్లో తెలుగు స్త్రీల రచనలు. ఈ మాట బయటికి వచ్చినప్పటి నుంచీ కాలనీవాళ్ళు, కాలేజీలో తోటి అధ్యాపకులు, మా అమ్మ, చివరికి డాలర్ల సంగతి కనుక్కుందామని బ్యాంకుకి వెళితే అక్కడి క్లర్కు కూడా వేసిన ప్రశ్న ఒక్కటే: ‘‘మరి పాప?’’ పాపకి ఎనిమిదేళ్ళు. దానికి తండ్రి ఉన్నాడు. అదే ఇంట్లో ఉంటాడు. ఆయన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు, ‘‘వంట వచ్చా సార్?’’ అని సరదాకి అన్నవాళ్ళు తప్ప.

మేముండేది శామీర్‌పేటలో. నేను పాఠాలు చెప్పేది మేడ్చల్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్షతోటలు ఉండేవి. ఇప్పుడు తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ, ఇటు నల్సార్, అటు బిట్స్ క్యాంపస్, వాటి మధ్య ఖాళీ ఉన్నచోటల్లా వెంచర్లు. దేశాలు దాటి పోవడం ఇక్కడ వింతేమీ కాదు. మా వీధిలో ఇంచుమించు ప్రతి ఇంటి నుంచీ ఒకరు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. అంతేకాదు, అరవై దాటిన ఆడవాళ్ళు ఏటా ముగ్గురు నలుగురు ఇక్కణ్ణించి విమానం ఎక్కుతుంటారు. కూతురికో కోడలికో పురుడు. విజిటర్ వీసా మీద ఆరు నెలలు. కారప్పొడులు, ఇంగువ, బాలింతకి శొంఠిపొడి సర్దుకుని వెళతారు. మంచుకి గడప దాటకుండా వండి, పిల్లలకి నీళ్ళు పోసి, గడువు అయ్యాక మోకాళ్ళ నొప్పులతో తిరిగొస్తారు. ఈవిడ ఇక్కడ దిగేసరికి వియ్యపురాలు అక్కడికి బయల్దేరుతుంది. మిగిలిన పెద్దమనుషులు ఇక్కడ హోటల్ క్యారియర్ల మీద కాలక్షేపం చేస్తారు. ‘‘మరి అంకుల్?’’ అని ఆ ఆంటీలని ఎవరూ నిలదియ్యరు. షుగరూ బీపీ ఉన్న మనిషిని వదిలేసి ఎలా పోతావమ్మా అనరు.

అంటే చాకిరీ చెయ్యడానికి పోతే ఆడదాని ప్రయాణం అసలు ప్రయాణం కిందే లెక్క కాదు. వంటిల్లు కాస్త దూరం జరిగిందంతే. చాకిరీ వదిలిపెట్టి పోయినప్పుడే అది కళ్ళకి కనపడుతుంది, అప్పుడే అందరూ జవాబు అడుగుతారు.

మగవాళ్ళ లెక్క ఇంకోరకం. యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ వెళ్ళాడు. 1948లో న్యూయార్క్‌లో చనిపోయేదాకా ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. వైద్యానికి ఆయన చేసింది చిన్న విషయం కాదు, దాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు. కానీ ఆయన గురించి రాసేవాళ్ళు ఆ పాతికేళ్ళనీ త్యాగం అంటారు. ఎవరిది అని మాత్రం అడగరు. మా తెలుగు వాళ్ళ సంగతే చూసినా, వెల్చేరు నారాయణరావు గారు 1971 నుంచి దశాబ్దాల పాటు విస్కాన్సిన్‌లో తెలుగు చెప్పారు. ఆయన్ని ఎన్నో ప్రశ్నలు అడిగి ఉంటారు, పాండిత్యం గురించి, అనువాదాల గురించి. ఇంట్లో అన్నం ఎవరు వండుతున్నారన్నది అందులో ఉండి ఉంటుందని నేననుకోను.

ఇక పాపని, ఆయన్ని కూడా తీసుకుపోవచ్చు కదా అనేవాళ్ళున్నారు. నాది జె-1 వీసా. భర్తకీ బిడ్డకీ జె-2 ఇస్తారు. అనుమతి తెచ్చుకుంటే జె-2 వాళ్ళు ఉద్యోగం కూడా చేసుకోవచ్చు. హెచ్-4 మీద వెళ్ళిన మన ఆడపిల్లలకి ఆ పాటి వెసులుబాటు 2015 దాకా లేదు, ఆ తర్వాతైనా కొందరికే. ఎంత చదువుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఊరికే కూర్చున్నారో ఈ వీధిలోనే చెప్పగలను. అయినా ‘డిపెండెంట్’ అన్న మాట దగ్గరకొచ్చేసరికి మా ఇంట్లో అందరూ నవ్వేశారు. నవ్విన తర్వాత ఆ విషయం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం నా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చే వెళుతున్నాను. యూనివర్సిటీల్లో పర్మనెంటు వాళ్ళకుండే సబాటికల్ మాకెక్కడిది? ‘‘తిరిగొచ్చాక ఖాళీ ఉంటే చూద్దాం’’ అన్నారు.

ఇంతవరకూ వాదన తేలికే. స్త్రీవాదులం ఈ వాదన నేర్చుకున్నాం, చెప్పగలం, గెలవగలం కూడా. నాకు హక్కుందా అంటే ఉంది. నాకు నిద్రపట్టనివ్వనిది అది కాదు.

మా ఇంట్లో అక్క పని చేస్తుంది. అక్క అంటాను గానీ నిజానికి నాకంటే నాలుగేళ్ళు చిన్నది. పాస్‌పోర్టులో మాత్రం పెద్దది. రాయచోటి వైపు మనిషి. పదేళ్ళ క్రితం ఏడేళ్ళ కూతుర్ని తల్లి దగ్గర వదిలి కువైట్ పోయింది, ఇంటిపనికి, వాళ్ళ భాషలో ఖద్దామాగా. పదో తరగతి పాసు కాని ఆడవాళ్ళు ఆ దేశాలకి ఇంటిపనికి పోవాలంటే 30 ఏళ్ళు నిండాలని ప్రభుత్వం నియమం పెట్టింది. వాళ్ళని కాపాడటానికేనట. ఏజెంటు ఆమె వయసు ఆరేళ్ళు పెంచి రాయించాడు. నాకు పిహెచ్‌డి ఉంది కాబట్టి నన్ను ఎవరూ కాపాడనక్కర్లేదు. ఇరవై ఏళ్ళకైనా ఎక్కడికైనా పోగలిగేదాన్ని.

రెండేళ్ళ కాంట్రాక్టు అని పోయి నాలుగేళ్ళు ఉంది. పాస్‌పోర్టు యజమాని దగ్గరుండేది. ఊళ్ళో ఆమెని ‘‘మరి పాప?’’ అని కూడా అడగలేదు. ఏమనుకున్నారో ఆమె చెప్పదు. నా ఆఫర్ లెటరు గురించి విని ఒకసారి అంది, ‘‘నువ్వు పోయేది పదిమందికీ చెప్పుకునే పోక మ్మా. మేం పోయింది అడగొద్దు.’’ ఇద్దరమూ ‘కొన్నాళ్ళకే’ అనే బయల్దేరాం. నాకు తిరుగు టికెట్ వాళ్ళే కొన్నారు. ఆమెకి తిరుగు ప్రయాణం ఎప్పుడన్నది ఇంకొకరి దయ.

2000లో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త దీనికి పేరు పెట్టింది, ప్రపంచం చుట్టూ తిరిగే సంరక్షణ గొలుసు అని. ఒకామె పిల్లల్ని ఇంకొకామె సాకుతుంది, ఆ ఇంకొకామె పిల్లల్ని మరొకామె. చివర్న ఉన్నామెకి డబ్బు ఇచ్చేవాళ్ళు ఉండరు. నేను దీన్ని క్లాసులో బోర్డు మీద గీసి మరీ చెప్పాను. గొలుసులో కువైట్ ఉండేది, రాయచోటి ఉండేది. శామీర్‌పేటలో మా ఇల్లు అందులోకి వచ్చి పడేసరికి బొమ్మ అంత తేలిగ్గా గీయలేకపోతున్నాను.

ఎందుకంటే మా ఇంట్లో అందరికీ సులువుగా తోచిన ఏర్పాటు ఇదీ: అక్క ఇప్పుడు మధ్యాహ్నం వెళ్ళిపోతుంది, ఈ పది నెలలూ రాత్రి ఎనిమిదింటి దాకా ఉంటుంది. పాప స్కూలు నుంచి వస్తే చూసుకుంటుంది, అన్నం పెడుతుంది. జీతం రెట్టింపు. ఆయన కంపెనీ నుంచి వచ్చేసరికి ఎనిమిదవుతుంది కాబట్టి ఆయనకి ఇబ్బంది లేదు. నాకూ లేదు. మా అమ్మ ‘‘దేవుడిలాంటి ఉపాయం’’ అంది.

అక్క కూతురు ఈ ఏడాది ఇంటర్ రెండో సంవత్సరం. నాలుగున్నరకి కాలేజీ నుంచి ఒంటి గదికి వస్తుంది. పక్కనే కడుతున్న అపార్ట్‌మెంట్లలో పనివాళ్ళు, తాగేవాళ్ళు. నాలుగేళ్ళు తల్లి లేకుండా పెరిగిన పిల్ల. మార్చిలో పరీక్షలు, అంటే సరిగ్గా నా రెండో సెమిస్టర్ మధ్యలో. రెట్టింపు జీతం ఆ ఇంటికి ఎంత అవసరమో నాకు తెలుసు. అందుకే ఆమె ఒప్పుకుంటుందని కూడా తెలుసు. ఒప్పుకుంటుంది కాబట్టి అది న్యాయం అయిపోతుందా? న్యాయమైన జీతం ఇస్తే ఋణం తీరిపోతుందని మనలో చాలామంది నమ్మకం. జీతం గంటలకి ఇస్తాం. ఆ గంటలు ఎక్కణ్ణించి తీసుకొచ్చిందో దానికి కాదు. అలాగని, ఆమె కూతురి కోసం నేను ఆగిపోతే ఆమెకేం వస్తుంది? ఉన్న జీతమే వస్తుంది. నా త్యాగం ఆమెకి ఉపయోగపడని వస్తువు.

తిప్పితిప్పి చూస్తే, ఈ గొలుసులో ఎవరూ తాకని కొక్కెం ఒకటే ఉంది. అది మా ఆయన సాయంత్రాలు. మేమిద్దరం ఆడవాళ్ళం అక్కా నేనూ ఒకరి గంటలు ఒకరం సర్దుకుంటూ ఉంటే ఆయన టైం మాత్రం గోడగడియారంలా చెక్కుచెదరకుండా ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. నా థీసిస్ ప్రూఫులు దిద్దిన మనిషి. అడిగితే కాదనడు. కానీ అడిగేదాకా ఆయనకి తట్టలేదు.

పోయిన ఆదివారం అక్కని కూర్చోబెట్టి అడిగాను, డబ్బు సంగతి పక్కన పెట్టి ఏ టైం దాకా ఉండగలవో చెప్పమని. చాలాసేపు నా మొహం చూసింది, ఇదేదో జీతం తగ్గించే ఎత్తేమో అని. తర్వాత, ‘‘నాలుక్కి పోతా మ్మా. పిల్ల వచ్చే టయానికి నేనింట్లో ఉండాల’’ అంది. జీతం రెట్టింపు కాదు గానీ పెంచాను. పాప స్కూలు బస్సు మూడున్నరకి వస్తుంది. నాలుగు నుంచి ఎనిమిది దాకా మిగిలింది. ఆయన వాళ్ళ ఆఫీసులో పొద్దున షిఫ్టు అడగాలి, లేదా సాయంత్రాలు ఇంటి నుంచి పనిచేస్తానని చెప్పాలి. ‘‘ఈ వారం మాట్లాడతాలే’’ అన్నాడు. వీసా ఇంటర్వ్యూ అయిపోయింది, టికెట్ వచ్చింది. ఆయనింకా మాట్లాడలేదు.