పెరట్లో తుంగ

తుంగను ఎవరైనా కావాలని పెంచుతారా అని నవ్వకండి. అంట్లు తోమిన నీళ్లు పారే మూల ఒకటి ప్రతి పెరట్లోనూ ఉంటుంది. అక్కడ మల్లె కుళ్లిపోతుంది, గులాబీ అలుగుతుంది. తుంగ మాత్రం పచ్చగా నవనవలాడుతుంది. చూడ్డానికి గడ్డిలా ఉంటుంది గానీ గడ్డి జాతి కాదు. పూతకాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు అంచులు తగులుతాయి. కింద నల్లటి గడ్డలుంటాయి, అవే తుంగముస్తలు. నలుగుపిండిలో కమ్మగా వచ్చే వాసనలో వాటి పాలూ ఉంది. మన నేలదే, ఎరువూ అడగదు. పెంచుకుంటే తప్పేమిటి?

చందూర్ వైపు అడిగితే జవాబు వేరుగా వస్తుంది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక ఈ ప్రాంతంలో వరి, చెరకు విస్తరించాయి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. తుంగకు అలాంటి బెంగలేమీ లేవు! 1977లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద గ్రంథం ప్రపంచంలోని కలుపు మొక్కలన్నిటిలో దీనికే మొదటి పీట వేసింది. పైన పీకితే కింద గడ్డ మిగులుతుంది. దున్నితే గడ్డల గొలుసు తెగి, ఒక్కొక్కటీ ఒక్కో మొక్కవుతుంది.

కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లలో ఒకామె మా పెరట్లో తుంగను చూసి, "దినమంత నడుము వంచి పీకేదాన్ని నువ్వు నీళ్లు పోసి పెంచుతున్నవా అమ్మా?" అంది. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగానే ఆశ్చర్యపోయింది.

నా పెరడు, నా ఇష్టం అనొచ్చు. కానీ పెరటి చెత్త పెంటకుప్పకు చేరుతుంది, పెంట ఎరువై చేనికి పోతుంది, దాంతోపాటే గడ్డలూ పోతాయి. నా ముచ్చటకు కూలి ఆమె నడుము కట్టాలన్నమాట. అలాగని తుంగను దోషిని చెయ్యడమూ నాకు నచ్చదు. చెరకు రాకముందు నుంచీ ఉన్నదే అది. కలుపు అన్న పేరు మన అవసరం పెట్టింది. ఇద్దరిలో ఎవరి పక్షమంటే, నేను నడుము నొప్పి పడే మనిషి పక్షమే. తుంగకు నొప్పి ఉందో లేదో గానీ ఆమెకు ఉంది.

మరి పెంచడం మానాలా? అక్కర్లేదు. అడుగున చిల్లు లేని సిమెంటు గోలెం చాలు. మిగతా మొక్కలకు శిక్ష అయ్యే ఆ తడి దీనికి సుఖం. విత్తనం రాలకముందే పూత తుంచెయ్యండి. వేసవిలో గోలెం బోర్లించి ముస్తలు ఏరి, కడిగి, ఎండబెట్టి నలుగుపిండిలోకి దంచుకోవచ్చు. మట్టిని మాత్రం పెంటకుప్పలో వెయ్యకండి, తిరిగి ఆ గోలెంలోనే పొయ్యండి.