ఏ మాటకు పెద్దపీట?

నలుగురు కూర్చొని మాట్లాడుకునే చోట మంచి మాట పైకి రావాలని మనమందరం కోరుకుంటాం. కాని సాధారణంగా జరిగేదేమిటి? ముందుగా లేచినవారు ఒక మాటంటారు. ఒకరిద్దరు చప్పట్లు కొడతారు. మిగిలినవారు తలలూపుతారు. వెనుక వరుసలో కూర్చున్న ఒక తల్లి మనసులో అంతకన్నా మేలైన ఆలోచన ఉండవచ్చు. ఆమె నోరు విప్పేలోగా సభ ముగుస్తుంది.

"ఎక్కువమంది మెచ్చినదే మంచి మాట కదా, దానికి పెద్దపీట వేస్తే తప్పేమిటి?" అని కొందరు అడగవచ్చు. ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. పదిమంది వివేకానికి విలువ ఉన్నది. అయితే ఆ పదిమంది ఎవరికి వారు ఆలోచించారా, లేక ఒకరిని చూసి ఒకరు చెయ్యెత్తారా అన్నదే అసలు సంగతి.

1906లో ఇంగ్లాండులోని ప్లిమత్ పట్టణపు పశు ప్రదర్శనలో ఒక ఎద్దు మాంసం ఎంత బరువు తూగుతుందో చెప్పమని పందెం పెట్టారు. ఎవరి అంచనాను వారు విడిగా చీటీపై రాశారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రజ్ఞుడు 787 చీటీలను పరిశీలించి, వాటి నడిమి అంచనా 1,207 పౌన్లని 1907లో ప్రకటించాడు. అసలు బరువు 1,198 పౌన్లు. నూటికి ఒక పాలు కూడా తేడా లేదు!

ఇప్పుడు మరొక పరీక్ష చూడండి. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ముగ్గురు పరిశోధకులు పేరు తెలియని గాయక బృందాల 48 పాటలను సుమారు 14,000 మందికి వినిపించి, ఫలితాలను 2006లో ప్రకటించారు. కొందరికి పాటల, బృందాల పేర్లు మాత్రమే చూపారు. మిగిలినవారిని ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎందరు తీసుకున్నారో కూడా చూపారు. ఇతరుల ఎంపిక తెలియనివారి మధ్య 26వ స్థానంలో నిలిచిన ఒక పాట, ఒక గుంపులో మొదటి స్థానానికి ఎక్కింది, మరొక గుంపులో 40వ స్థానానికి దిగజారింది. పాట అదే, మారింది ముందువారి అడుగుజాడలే. ఎక్కువమంది తీసుకున్న పాటను పైన పెట్టి వరుసగా చూపినప్పుడు ఈ గొర్రెదాటు మరింత పెరిగింది. చాలా మంచి పాటలు అట్టడుగుకు పోవడం, చాలా నాసిరకం పాటలు పైకి రావడం అరుదే. కాని నడుమనున్న వాటి గతి అదృష్టం మీద ఆధారపడింది. మనలో అధికుల మాటలు ఆ నడిమి తరగతివే కదా!

దీనికి మందు పూర్వులకు తెలియనిది కాదు. మరణశిక్ష విధించదగిన నేరాల విచారణలో పెద్ద న్యాయమూర్తి కాక, పక్కన కూర్చున్న చిన్నవారే ముందుగా తీర్పు చెప్పాలని యూదుల మిష్నా గ్రంథం నియమించింది. పెద్దవారు ముందు పలికితే చిన్నవారు నోరు మెదపరు గదా! ఆరవ శతాబ్దంలో పునీత బెనెడిక్టు తన మఠ నియమావళిలో, ముఖ్యమైన విషయాలలో మఠవాసులందరినీ పిలిచి ఆలోచన అడగమన్నాడు. మేలైన దానిని దేవుడు తరచుగా చిన్నవారికి తెలియజేస్తాడన్నది ఆయన చెప్పిన కారణం. నిర్ణయం మఠాధిపతిదే, కాని విన్న తరువాతనే.

మరొక సంగతి. ఇద్దరు విని ఇద్దరూ మెచ్చిన మాట గొప్పదా, నూరుమంది విని తొంభైమంది మెచ్చిన మాట గొప్పదా? శాతం చూస్తే మొదటిదే. కాని ఇద్దరి సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మగలం? ఇలాంటి కొద్దిపాటి సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో లెక్కించే పద్ధతిని 1927లో ఎడ్విన్ విల్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు చూపాడు. దానిని బట్టి చూస్తే రెండవ మాటకే ఎక్కువ బలం ఉన్నది. అయితే తక్కువమంది విన్న మాట చెడ్డదని దీని అర్థం కాదు. దానిని ఇంకా పరీక్షించలేదని మాత్రమే. కనుక దానిని తోసివేయక, మరికొందరి చెవిన వేయడం న్యాయం.

ప్రియ పాఠకులారా, ఒక మాటకు చెయ్యెత్తడమంటే దాని పక్షాన సాక్ష్యం చెప్పడమే. పూర్తిగా వినకుండా, పక్కవారిని చూసి చెయ్యెత్తితే అది అబద్ధ సాక్ష్యానికి దగ్గర చుట్టం. "ఇది నాకు నచ్చినదా?" అని కాక, "దీనివల్ల నాకు తెలియనిది తెలిసిందా?" అని మొదట ప్రశ్నించుకుందాం. నచ్చని మాటలోనూ మేలు ఉండవచ్చు.

ఈ వారం మీ ఇంట్లో ఏదైనా నిర్ణయించవలసి వస్తే, ఇంటి పెద్ద చివర మాట్లాడాలి. అందరికన్నా చిన్నవారిని ముందు అడగండి. నిండు కుండ తొణకదంటారు. తొణకని కుండలో ఏమున్నదో తెలియాలంటే, మనమే వంగి చూడాలి.